కార్లో స్పీకర్లు మార్పించేవాళ్లు జాగ్రత్త: డోర్ ప్యాడ్ వెనక, కార్పెట్ కింద ఏం చేశారో చూడకుండా డబ్బు కట్టొద్దు

హైదరాబాద్‌లో కారు కొని, కంపెనీ స్పీకర్లు బాగాలేవని మార్పించాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఫిబ్రవరిలో నేనూ అదే పని చేయించాను. ఏప్రిల్ నెలాఖరులో మా అమ్మ, ఏడేళ్ల పాప కార్లో ఉండగా నా కాళ్ల దగ్గర కార్పెట్‌లోంచి పొగ వచ్చింది. ముగ్గురం క్షేమంగా బయటపడ్డాం. కానీ ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అది తేలేదాకా ఆగుతున్నాను. పైగా ఇలాంటి పని ఆ ఒక్క చోటే జరుగుతోందని కూడా నేను అనుకోవడం లేదు. తర్వాత నా కారు విప్పి చూసిన ఎలక్ట్రీషియన్ "ఇసొంటివి మస్తు వస్తయన్నా" అన్నాడు.

అప్పటికి కారు కొని ఎనిమిది నెలలు. మామూలుగా ఈ రేంజ్ కార్లలో ఇచ్చే స్పీకర్లకు పల్చటి కోన్, చిన్న అయస్కాంతం ఉంటాయి. వాల్యూమ్ సగం దాటితే గొంతు చీరుకుపోయినట్టు వినిపిస్తుంది. మేము నెలకోసారి వరంగల్ వెళ్తాం. దారంతా అమ్మకు పాత పాటలు ఉండాలి. "ఆ మాటలు సరిగ్గా వినపడట్లేదురా" అని ప్రతిసారీ అనేది. కోఠి గుజరాతీ గల్లీలో, రాణిగంజ్‌లో రేట్లు కనుక్కున్నాను. చివరికి ఇంటికి దగ్గర కదా, ఏదైనా ఇబ్బంది వస్తే వెంటనే వెళ్లొచ్చు అని ఒక యాక్సెసరీస్ షాపులో ఖాయం చేశాను. నాలుగు స్పీకర్లు, ఒక ఫోర్ చానల్ యాంప్ (స్పీకర్లకు పవర్ పెంచి ఇచ్చే పెట్టె), నాలుగు డోర్లకు డ్యాంపింగ్ షీట్లు (రేకు అదరకుండా లోపల అతికించేవి), వైరింగ్, ఫిట్టింగ్ అన్నీ కలిపి 24,000 రూపాయలు. "కప్లర్ టు కప్లర్ సార్, ఒక్క వైరు కూడా కట్ చెయ్యం. మీ కంపెనీ వారంటీకి ఏం కాదు" అని ఓనర్ గట్టిగా చెప్పాడు. కప్లర్ అంటే వైర్లను కోయకుండా ఒకదాంట్లో ఒకటి గుచ్చే ప్లాస్టిక్ ప్లగ్గు. నమ్మాను.

నేను చేసిన మొదటి తప్పు కారు అక్కడ వదిలేసి వెళ్లడం. పొద్దున పదకొండుకు తాళం ఇచ్చి మెట్రోలో ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రం ఏడింటికి వచ్చేసరికి అంతా బిగించేసి, పాట పెట్టి, సౌండ్ పెంచి చూపించారు. గుండె అదిరేలా వచ్చింది బేస్. సంతోషంగా డబ్బు పంపేశాను, అది కూడా షాపు ఖాతాకు కాదు, ఎవరిదో వ్యక్తిగత నంబరుకు. చేతికి ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసిన చీటీ. పాత స్పీకర్లు ఏవని అడిగితే "అవి వేస్ట్ సార్, పారేశాం" అన్నారు. ఎనిమిది నెలల కంపెనీ స్పీకర్లు వేస్ట్ ఎలా అవుతాయో ఆ సంతోషంలో నాకు తట్టలేదు.

పది రోజులకు ఒక సోమవారం పొద్దున కారు స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పక్కింటివాళ్ల కారుతో జంప్ స్టార్ట్ చేసి షాపుకు తీసుకెళ్తే "బ్యాటరీ వీకయింది సార్, మార్చండి" అన్నారు. అసలు సంగతి వేరు. యాంప్‌ను ఆన్, ఆఫ్ చేసే సన్నటి రిమోట్ వైరు ఒకటి ఉంటుంది. తాళం తీస్తే అందులో కరెంటు ఆగిపోవాలి. వాళ్లు దాన్ని ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపేశారు. కారు ఆపినా యాంప్ రాత్రంతా ఆన్‌లోనే ఉండేది. ఈ అనుమానం ఉంటే మీరే చూసుకోవచ్చు. కారు లాక్ చేసిన పావుగంట తర్వాత యాంప్ మీద లైటు వెలుగుతోందా, పైభాగం వెచ్చగా ఉందా చూడండి.

మార్చి దాటి ఎండలు ముదిరాక ఇంకోటి మొదలైంది. ఆఫీసు పార్కింగ్‌లో ఎండలో పెట్టిన కారు తలుపు తీస్తే కొత్తగా రోడ్డు వేస్తున్నప్పటి వాసన. వారం తర్వాత డ్రైవర్ పక్క అద్దం దించి ఎత్తితే గాజు మీద నల్లటి జిగురు చారలు పడ్డాయి. చేత్తో ముట్టుకుంటే సబ్బుకు కూడా పోలేదు. డ్యాంపింగ్‌కు బ్యూటిల్ రబ్బరు షీట్లు వేయాలి. నా దగ్గర బ్యూటిల్ ధరే తీసుకుని, ఇళ్ల కప్పులు కారకుండా అతికించే తారు షీట్లు వేశారు. పైన రెండింటికీ వెండి రంగు రేకే ఉంటుంది, చూస్తే తేడా తెలియదు. నలభై డిగ్రీల ఎండకు కారు డోరు రేకు ఎంత కాలుతుందో మనందరికీ తెలుసు. ఆ వేడికి తారు కరిగి, షీటు జారి, అద్దం దిగే దారిలో పడింది. షీటు వేసేముందు ఒక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూడండి. తారు వాసన వస్తే అక్కడే ఆపేయండి.

ఇక ఆ రోజు సంగతి. ఏప్రిల్ చివరి ఆదివారం. ముందురోజు మా బావమరిది కారు తీసుకెళ్లాడు. పొడగరి కావడంతో డ్రైవర్ సీటు బాగా వెనక్కి జరిపాడు. నేను ఎక్కి మళ్లీ ముందుకు జరుపుకున్నాను. ఉప్పల్ దాటాక ప్లాస్టిక్ కాలుతున్న వాసన. బయటినుంచేమో అనుకున్నాను. పాప వెనకనుంచి "నాన్నా, నీ దగ్గర పొగ" అంది. పక్కకు తీసి ఆపి, అమ్మను, పాపను దించేసరికి సీటు కింద కార్పెట్ అంచునుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తోంది. తాళం తీసేసినా ఆగలేదు. అక్కడ ఆటో పెట్టుకుని కూర్చున్న ఒకాయన పరిగెత్తుకొచ్చి "బానెట్ లేపు సార్, మైనస్ పీకాలె" అంటూ తన ఆటోలోంచి పదో నంబరు పానా తెచ్చి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పేశాడు. పొగ తగ్గింది. ఆయన చేతికి పానా అందడం ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నాకు ఊహించడం ఇష్టం లేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

కారును తోయించుకుని ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు చేర్చాం. ఆయన సీటు విప్పి, కార్పెట్ లేపాడు. బ్యాటరీనుంచి యాంప్‌కు వచ్చే ఎర్ర వైరు గుమ్మం పట్టీ కింద అంచు వెంబడి రావాలి. వీళ్లు అడ్డదారిలో కార్పెట్ మధ్యనుంచి, సీటు జరిగే ఇనుప పట్టా కిందనుంచి లాగారు. సీటు జరిపినప్పుడల్లా వైరు తొడుగు నలుగుతూ, చివరికి కోసుకుపోయి, లోపలి లోహం కారు బాడీకి తగిలింది. అంతే, షార్టు. ఇంజిన్ వైపునుంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు బుష్ కూడా వేయలేదు. రేకు అంచుకు రాసుకుని అక్కడా తొడుగు సగం తెగి ఉంది.

ఆయన బ్లేడు తీసుకుని ఆ వైరు లోపలి పోగుల్ని ఒకచోట గీకాడు. రాగి రంగు పొడిలా రాలిపోయి కింద తెల్లగా మెరిసింది. "ఇగో చూడన్నా, ఇది సిల్వర్ వైరు. పైన రాగి పూత పూసిండ్రు" అన్నాడు. వంటింట్లో మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియమే అది. మార్కెట్లో దీన్ని సీసీఏ అంటారు. అదే మందం అసలు రాగి వైరు మోసినంత కరెంటు ఇది మోయలేదు, ఊరికే వేడెక్కుతుంది. అసలు రాగిదాన్ని ఓఎఫ్‌సీ అంటారు. ధర ఎక్కువే, కానీ ఈ ఒక్క దాంట్లో మాత్రం దయచేసి బేరం ఆడకండి.

అన్నిటికంటే ఘోరం ఫ్యూజు. షార్టు జరిగిన క్షణంలో కాలిపోయి కరెంటు ఆపాల్సిన ఫ్యూజు బ్యాటరీ దగ్గర అసలు లేదు. ఓనర్‌ను అడిగితే "యాంప్‌కు ఉంది కద సార్ ఫ్యూజు" అన్నాడు. యాంప్‌కు ఉన్నది యాంప్‌ను కాపాడుకోవడానికి. బ్యాటరీకీ యాంప్‌కీ మధ్య ఉన్న అంత పొడవు వైరులో ఎక్కడ షార్టయినా దానికి తెలియనే తెలియదు. అందుకే బ్యాటరీ ప్లస్‌నుంచి 18 అంగుళాల లోపు, అంటే మూరెడు దూరంలో, ఒక ఫ్యూజు ఉండి తీరాలి.

తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మిగతావి బయటపడ్డాయి. స్టీరియో వెనక కంపెనీ కప్లర్ కోసేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. దాంతో వైరింగ్ భాగానికి వారంటీ వర్తించదని రాసిచ్చారు. వైరింగ్, కార్పెట్, డోరు లోపలి ప్లాస్టిక్ పొర అన్నీ నా ఖర్చే, 31,000 అయింది. ఆ ప్లాస్టిక్ పొర గురించి ఎవరూ చెప్పరు. అద్దం సందులోంచి దిగే వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. దాన్ని చింపి అలాగే వదిలేశారు, జూన్ వస్తే నీళ్లు డోర్ ప్యాడ్‌లోకి దిగేవి. వెనక డోర్లలో ఉన్నవి నేను డబ్బు కట్టిన బ్రాండ్ స్పీకర్లు కావు, స్టిక్కర్ మాత్రం అదే. అందులో ఒకదానికి ప్లస్, మైనస్ తిరగేశారు. ఒక స్పీకర్ కోన్ ముందుకు వస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది, రెండూ కలిసి బేస్‌ను తినేస్తాయి. ఫిట్టింగ్‌కు ముందు స్పీకర్ ప్లస్, మైనస్‌లకు గడియారం బ్యాటరీ ఒక్క క్షణం తాకిస్తే కోన్ ముందుకు ఉబకాలి. వెనక్కి పోతే తిరగేసినట్టు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇది. ముందు అద్దం పక్కన నిలువుగా ఉండే పిల్లర్ కవర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు ఉంటాయి. దాని వెనకే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కోసం ఆ కవర్‌కు రంధ్రం కొట్టి, స్క్రూ బిగించారు. స్క్రూ మొన ఎయిర్‌బ్యాగ్ గుడ్డకు వేలెడు దూరంలో ఉందని సర్వీస్ సెంటర్ అడ్వైజర్ టార్చి వేసి చూపించాడు. ప్రమాదం జరిగితే ఆ బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు, లేదా ఆ ట్వీటరే ఎగిరి ముఖానికి తగలొచ్చు. ఆరు ఎయిర్‌బ్యాగులని చూసి మరీ కొన్న కారు అది. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లో పిల్లర్‌ను ఎవరినీ ముట్టనివ్వకండి. ట్వీటర్ కంపెనీ ఇచ్చిన చోటే పెట్టించండి, ఆ చోటు లేకపోతే కోయాక్సియల్ స్పీకర్లు తీసుకోండి. వాటిలో ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉంటుంది.

వాట్ల మాటకు కూడా పడిపోకండి. నా యాంప్ డబ్బా మీద 2,000 వాట్స్ అని పెద్ద అక్షరాలు. దాని ఫ్యూజు 30 ఆంపియర్లు. కారు నడుస్తున్నప్పుడు ఉండేది సుమారు 14 వోల్టులు. 30ని 14తో గుణించండి, 420. బ్యాటరీనుంచి అది తీసుకోగలిగేదే అంత, అందులో కొంత వేడిగా పోతుంది. మరి 2,000 ఎక్కడినుంచి వస్తాయి? డబ్బా మీద ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) అని రాసిన అంకె ఒక్కటే చూడండి. మ్యాక్స్, పీక్ అనేవి పట్టించుకోవద్దు. నిజానికి మాలాంటి వాళ్లకు యాంప్ అవసరమే లేదని ఇప్పుడు తెలిసింది. కంపెనీ స్టీరియో ఒక్కో స్పీకర్‌కు ఇచ్చేది మామూలుగా 15 నుంచి 20 వాట్లు. సెన్సిటివిటీ (తక్కువ పవర్‌కే ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) 90 డెసిబెల్స్‌కు పైన ఉన్న మంచి జత ముందు డోర్లకు కప్లర్‌తో వేయించి, ఆ రెండు డోర్లకు సరైన డ్యాంపింగ్ చేయిస్తే చాలు. మేమిప్పుడు అదే చేయించాం. నేను పక్కనే స్టూల్ మీద కూర్చుని మొత్తం చూశాను. విప్పిన స్పీకర్లు డబ్బాలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాను, విరిగిన డోర్ ప్యాడ్ క్లిప్పులు కొత్తవి వేయించాను.

పాత షాపువాడు మాత్రం "మీరు బయట ఎవరితోనో విప్పించారు సార్, ఇక మాకు సంబంధం లేదు" అని చేతులు దులిపేసుకున్నాడు. అందుకే విప్పేముందే వీడియో తీయండి. నేను సీటు విప్పేటప్పుడు తీసిన వీడియోయే ఇప్పుడు నా దగ్గరున్న గట్టి ఆధారం. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టకండి, మన తెలంగాణ షాపు అయితే ఆ నంబరు 36తో మొదలవుతుంది. బిల్లులో స్పీకర్ మోడల్, వైరు రకం రాయించండి. ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి.

బయట యాంప్ పెట్టించుకున్నవాళ్లు ఈ ఒక్కటీ ఈ రోజే చూడండి. బానెట్ ఎత్తి, బ్యాటరీ ప్లస్‌నుంచి అదనంగా వచ్చిన వైరును చేత్తో పట్టుకుని వెంబడించండి. మూరెడు లోపు ఫ్యూజు డబ్బీ కనిపించకపోతే పదో నంబరు పానాతో ముందు మైనస్ విప్పేసి, కారును అక్కడే ఉంచి ఎలక్ట్రీషియన్‌ను ఇంటికే పిలిపించండి.