బోరు నీళ్లకు ఏది మేలు: పొరల ఖనిజమా, ఆర్‌ఓనా?

పెద వాల్తేరులో మా బోరు నీళ్లు పోస్తే కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. మొన్న ఎదురింటి పిన్నిగారు వచ్చి, "ఏదో ఖనిజం పొడట బాబూ, బిందెలో వేస్తే ఉప్పంతా లాగేస్తుందట, కొనమంటావా?" అని అడిగారు. వద్దన్నాను. పొడి మంచిదే, మన నీళ్ల జబ్బే వేరు.

వెనకటికి చిల్లగింజ అరగదీసి వేస్తే బురద అడుగుకి దిగి నీళ్లు తేరుకునేవి. కరిగిన ఉప్పు అలా దిగదు. అది ధన, ఋణ ఆవేశాలున్న కణాలుగా, అంటే అయాన్లుగా విడిపోయి ఉంటుంది, దాన్ని పట్టాలంటే ఎదురు ఆవేశం కావాలి. బెంటోనైట్ బంకమన్ను పొరల్లో అల్యూమినియం చోట అక్కడక్కడ మెగ్నీషియం చేరి ఋణావేశం మిగులుతుంది. అందుకే అది సీసం, అమ్మోనియం, కాల్షియం లాంటి ధన అయాన్లను పడుతుంది. హైడ్రోటాల్సైట్ అనే మరో పొరల ఖనిజంలో అంతా తారుమారు. మెగ్నీషియం చోట అల్యూమినియం కూర్చుంటుంది, పొరకి ధనావేశం వస్తుంది, ఫ్లోరైడ్, ఫాస్ఫేట్, ఆర్సెనేట్ లాంటి ఋణ అయాన్లు పొరల మధ్యకి చేరతాయి. దీన్ని 450–500 డిగ్రీల వేడిలో కాలిస్తే మధ్యనున్న కార్బనేట్, నీరు పోయి పొరలు కూలిపోతాయి. మళ్లీ నీళ్లలో వేస్తే, దొరికిన ఋణ అయాన్లను లాక్కుంటూ ఆ పొరలు తిరిగి లేస్తాయి! ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది.

ఇక లెక్క చూద్దాం. కాల్చిన హైడ్రోటాల్సైట్ పొడి గ్రాముకి, కాగితం మీద, సుమారు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ పడుతుంది. తీరం దగ్గర బోర్లు అతిగా తోడితే సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది. అలాంటి బోరులో లీటరుకి 1250 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉందనుకోండి. దాన్ని తాగునీటి ప్రమాణమైన 250కి దించాలంటే 20 లీటర్ల డబ్బాకి 100 గ్రాముల పొడి కావాలి, అదీ ప్రతి డబ్బాకీ. నీళ్లలోని బైకార్బనేట్, సల్ఫేట్ ముందే చోటు ఆక్రమిస్తాయి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది. ఉప్పు నీళ్లకు ఆర్‌ఓయే మేలు. వృథాగా పోయే నీళ్లు చూస్తే మనసు ఒప్పదు, వాటిని పట్టి ఇల్లు తుడవడానికి వాడాల్సిందే.

అదే, ఉప్పు తక్కువగా ఉండి ఫ్లోరైడ్ లీటరుకి 3 మిల్లీగ్రాములున్న పల్లె బోరైతే? ప్రమాణం 1. అదే డబ్బాలో తీయాల్సింది 40 మిల్లీగ్రాములే. లెక్కకు అర గ్రాము చాలదూ? పోటీ అయాన్ల వల్ల కొన్ని రెట్లు వేసినా భారం కాదు. అక్కడ కరెంటు, మెంబ్రేన్ మార్పిడి, వృథా నీరు ఉన్న ఆర్‌ఓ పెట్టడం నాకు అన్యాయమనిపిస్తుంది. కాల్చిన పొడి నీళ్లలో క్షారగుణం పెంచుతుంది, అది మాత్రం చూసుకోవాలి. వాడేసిన పొడిని బావి గట్టున పారబోయకూడదు. నైట్రేట్‌కి మాత్రం హైడ్రోటాల్సైట్‌ని నమ్ముకోవద్దు, దాన్ని చాలా వదులుగా పట్టుకుంటుంది.

బెంటోనైట్ ఇంటికి పనికిరాదు. నీళ్లలో ఉబ్బి జిగురు బురదై వడపోతని మూసేస్తుంది. సీసం లాంటివి వదిలే ఫ్యాక్టరీల మురుగునీటికి అది తగును.

టీడీఎస్ మీటరు మొత్తం ఉప్పెంతో చెబుతుంది, అందులో ఏ అయానుందో చెప్పదు. అందుకే పిన్నిగారి చేత శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టించాను. క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం విడివిడిగా రాసివ్వమని అడగమని చెప్పాను. రేపు పొద్దున్నే పరీక్షకి తీసుకెళ్తున్నారు.