సాలార్‌జంగ్‌లో ఒంటిగంట కొట్టేదాకా

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, వినికిడి మాత్రం మహా చురుకు. హాల్లో ఫ్యాను ఏ నంబరు మీద తిరుగుతోందో వంటింట్లోంచే చెప్పేస్తాడు. గడియారాలంటే ప్రాణం. అందుకే ఈసారి హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూపిద్దామనుకున్నాం.

నాకు లోపల భయంగానే ఉంది. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక మ్యూజియానికి వెళ్లి పావుగంటలో ఏడ్చుకుంటూ బయటికొచ్చాం. స్కూలు పిల్లలు గుంపుగా వచ్చేసరికి వీడు చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. అక్కడి గార్డు, ‘పిల్లాణ్ణి అదుపులో పెట్టుకోలేరా’ అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రోజు మా పొరపాటూ ఉంది. టికెట్ కొన్నాం కదా అని అన్ని గదులూ తిప్పాలని చూశాం.

ఈసారి థెరపిస్ట్ చెప్పినట్టు పది ఫొటోలతో చిన్న పుస్తకం కుట్టాను. రైలు, లాడ్జి, మెట్రో, గేటు దగ్గర చెకింగ్, గడియారం, మళ్లీ మన ఇల్లు. పదిహేను రోజులు రాత్రి పడుకునే ముందు అదే చదివాం. చివరి పేజీలో ఇల్లు ఉండడం వాడికి చాలా ముఖ్యం.

రాజమండ్రి నుంచి గౌతమిలో వెళ్లాం. మేధో వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకీ, వెంట వెళ్లే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వే ఇచ్చే కార్డు ముందే తీసుకోవాలి. తెలియక పూర్తి డబ్బు కట్టేస్తున్న తల్లిదండ్రులు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

అమీర్‌పేటలో దిగిన లాడ్జిలో మొదట లిఫ్టు పక్క గది ఇచ్చారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా టింగుమంటుంటే వీడు మంచం దిగి గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు. కౌంటర్లో అబ్బాయికి విషయం దాచకుండా చెప్పాను. ‘అలాగేనండీ’ అని వెనక వైపు మూల గదికి మార్చాడు. ఏసీ లేదు, బకెట్ పాతది. అయినా ఆ రాత్రి ముగ్గురమూ నిద్రపోయాం. మాలాంటి వాళ్లు గది తీసుకునే ముందు స్టార్లు కాదు, చప్పుడు చూసుకోవాలి.

మర్నాడు బిర్లా సైన్స్ మ్యూజియం. నొక్కి చూసే బటన్లున్న చోట వీడికి బాగుంది, ప్లానిటేరియంలో చీకటి పడగానే బయటికి వచ్చేశాం. తెలంగాణలోని యామనపల్లి దగ్గర తవ్వితీసిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు మాత్రం కదలకుండా నిలబడ్డాడు. దాని మెడ ఎముకలు లెక్కపెడుతున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. మేం మంగళవారం వెళ్లాం. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండ్) దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువుల్ని చూడాలంటే ఒక రోజు మామూలు వాళ్లకే చాలదు. మేం గడియారం చూడ్డానికే వచ్చాం. పదకొండుంపావుకి దాని ముందు పెద్దగా జనం లేరు.

గంట గంటకీ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని అందరికీ తెలుసు. వీడి కళ్లు పడింది పక్కనున్న కమ్మరి బొమ్మ మీద. చేతిలో సుత్తి, సెకనుకో దెబ్బ. చేతికి ఏదో ఒకటి ఉంటే గాజు అద్దాలు ముట్టుకోడని ఏటికొప్పాక బొంగరం ఇచ్చి తెచ్చాను. దాన్ని మోకాలి మీద పెట్టి కమ్మరితో పాటే తట్టడం మొదలెట్టాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. ఇరవై నిమిషాలు. బయట ఎక్కడా వాడి భుజాలు అంత వదులుగా ఉండగా నేను చూడలేదు.

పన్నెండు దగ్గరపడే కొద్దీ జనం ఎక్కువయ్యారు. పన్నెండు దెబ్బలు, ఫోన్లు, కేకలు, వీడు తట్టుకోలేడు. మేం లేచి మేలిముసుగు రెబెక్కా శిల్పం దగ్గరికి వెళ్లిపోయాం. అందరూ గడియారం దగ్గరుంటారు కాబట్టి అక్కడ మా ముగ్గురమే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి ముసుగుని మా ఆయన మైమరచి చూస్తుంటే, వీడు నేల మీద పలకల గీతలు చూశాడు. చూడనీ. ఒకే కొయ్యలో ముందు ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలీస్, వెనక అదే కథలోని అమాయకురాలు మార్గరెట్టా ఉన్న బొమ్మ దగ్గర వెనకనున్న అద్దం నచ్చింది వాడికి.

లండన్ సైన్స్ మ్యూజియంలో ఆటిజం పిల్లల కోసం కొన్ని రోజులు మిగతావాళ్లకంటే ముందే తలుపులు తెరుస్తారు. మన మ్యూజియాల్లో కూడా నెలకో రోజు, పది గంటలకి ముందు ఒక్క అరగంట ఇస్తే ఎందరు పిల్లలు గడప దాటి లోపలికి వస్తారో! ఎక్కడ అడగాలో కనుక్కుని ఉత్తరం రాయబోతున్నాను.

ఒంటిగంటకి మళ్లీ గడియారం దగ్గరికి వచ్చాం. ఒంటిగంటకి దెబ్బ ఒకటే, అదే నా ధైర్యం. వీడు ముందే చెవుల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం బొమ్మ వచ్చింది. టంగ్. లోపలికి పోయింది.

వాడు చేతులు తీశాడు. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

‘‘రెండు’’ అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. రెండు గంటల దాకా అక్కడే కూర్చున్నాం.