బ్రౌనెల్స్ ఆక్స్‌ఫో-బ్లూ రివ్యూ: పాత రివాల్వర్ మీద గీతలకి ఎంతవరకు పనికొస్తుంది

ముందే చెప్పేస్తా, ఈ సీసాతో గీత పోదు, గీత రంగు మారుతుంది. తెల్లగా మెరిసే గీత నల్లబడి చుట్టూ ఉన్న బ్లూయింగ్‌లో, అంటే తుప్పు పట్టకుండా ఉక్కుకి ఉండే నీలి నలుపు పొరలో, కలిసిపోతుంది, ఇక కన్ను దాని మీద ఆగదు. ఇలా ఇంట్లో చేత్తో రాసుకునేవాటిని కోల్డ్ బ్లూ అంటారు, ఆ పేరుతో అమ్మే ఏ మందు నుంచైనా అంతకుమించి ఆశించకూడదు. ఆ లెక్కన చూస్తే నేను వాడినవాటిలో ఇదే మంచిది, 5కి 4 స్టార్లు, ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

వాడింది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 మీద. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ అనే పేరుతో మొదలై 1957లో మోడల్ 10 అయిన .38 స్పెషల్ తూటా వాడే రివాల్వర్ ఇది, లక్షల్లో తయారైంది, చాలావరకు పోలీసుల నడుముకి ఏళ్ళ తరబడి వేలాడి ఆ తర్వాతే సెకండ్ హ్యాండ్‌లోకి వస్తాయి కాబట్టి వీటి అరుగుదల అంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మజిల్ (గొట్టం మూతి) అంచులు రెండువైపులా తెల్లబడతాయి, తూటాలుండే సిలిండర్ ముందు అంచు మెరుస్తుంది, బ్యారెల్ (గొట్టం) పక్కన హోల్‌స్టర్ (నడుముకి కట్టే తుపాకీ తొడుగు) రాపిడి కనపడుతుంది. నా దగ్గరున్న దానికి వీటికి తోడు ఫ్రేమ్ పక్కనుండే సైడ్ ప్లేట్ అనే మూత మీద పొడుగాటి గీత ఒకటి, పాత ఓనరు చేతిలో స్క్రూడ్రైవర్ జారినట్టుంది. లోపల మాత్రం మేలిరకం సరుకు, లాకప్ గట్టిగా ఉంది (సిలిండర్ వదులుగా ఊగదు), టైమింగ్ సరిగ్గా ఉంది (సిలిండర్ గొట్టానికి ఎదురుగా సరిగ్గా ఆగుతుంది), బోర్, అంటే గొట్టం లోపలి భాగం, శుభ్రంగా ఉంది. వాడిన గన్ కొనేటప్పుడు చూడాల్సినవి అవే, పైన గీతలున్నాయని మంచి రివాల్వర్ వదిలేసి లోపల అరిగిపోయిన నిగనిగలాడే దాన్ని ఎక్కువ పెట్టి కొనుక్కునేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది.

సీసా మూత తియ్యకముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. గీతలు అనుకునేవాటిలో చాలా గీతలే కావు. హోల్‌స్టర్ బటన్ల ఇత్తడి రాసుకుని పసుపు చార పడుతుంది, పాత ఆయిల్ ఎండి గోధుమరంగు పొర కడుతుంది, సీసం మరకలుంటాయి. నాలుగు సున్నాల స్టీల్ వూల్ని, అంటే 0000 గ్రేడ్‌ని, గన్ ఆయిల్లో బాగా తడిపి వేలి బరువు మాత్రమే ఆనించి రుద్దితే ఇవన్నీ పోతాయి, అడుగున బ్లూయింగ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. పొడిగా మాత్రం రుద్దొద్దు. నా దాంట్లో బ్యారెల్ మీది మచ్చల్లో సగం పైన దీనికే పోయాయి, వాటికి మందు అవసరమే రాలేదు.

రెండో సంగతి ఫినిష్ ఏంటో తెలుసుకోవడం, ఇక్కడే చాలామంది డబ్బు వేస్ట్ చేసుకుంటారు. కోల్డ్ బ్లూ కార్బన్ స్టీల్ మీదే పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ మీద పట్టదు, దానికి మందెందుకు, ఫ్యాక్టరీ గీతలు ఏ దిక్కుగా ఉన్నాయో చూసి అదే దిక్కులో స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో మెల్లగా లాగితే కలిసిపోతుంది. అల్యూమినియం ఫ్రేమ్‌కి ఉండేది అనోడైజింగ్, అంటే కరెంటుతో కట్టించిన ఆక్సైడ్ పొర, దానికి అల్యూమినియం బ్లాక్ అని బర్చ్‌వుడ్ కేసీ వాళ్ళది వేరే ద్రవం ఉంది. గ్లాక్ లాంటి పిస్టళ్ళ స్లైడ్‌కి (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగానికి) నైట్రైడింగ్ చేస్తారు, అది ఉక్కు పైపొరలోకే దిగిన ట్రీట్‌మెంట్ కాబట్టి పైన నలుపు అరిగినా తుప్పుకి అంత తొందరగా లొంగదు, వదిలేయొచ్చు. సెరాకోట్ అయితే పెయింట్ లాంటి పూత, దాన్ని ఆ పూతతోనే సరిచెయ్యాలి. నికెల్ ప్లేటింగ్ జోలికి ఈ మందుతో అస్సలు పోవద్దు, అమ్మోనియా ఉన్న బోర్ క్లీనర్‌తో కూడా పోవద్దు, ప్లేటింగ్‌లో ఎక్కడైనా చీలిక ఉండి అడుగున రాగి పొర ఉంటే అమ్మోనియా కిందికి దిగి ఆ రాగిని తినేస్తుంది, ఆ తర్వాత నికెల్ పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇక అసలు పని. గన్ ఖాళీగా ఉందో లేదో సిలిండర్ తెరిచి కంటితో చూసి వేలితో తడిమి చూసుకోండి, తూటాలు వేరే గదిలో పెట్టండి. చెక్క గ్రిప్స్ తీసెయ్యండి. స్మిత్ వాటిలో హ్యామర్, ట్రిగ్గర్ మీద కేస్ హార్డెనింగ్ రంగులు, ఆ నీలం గోధుమ మబ్బులు, ఉంటాయి చూడండి, ఈ మందులో యాసిడ్ ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క పడినా ఆ రంగులు పోతాయి, మళ్ళీ రావు. అందుకే వాటికి మాస్కింగ్ టేప్ వేసి మొదలుపెట్టా. తేలికపాటి ఆయిల్ ఉన్నా ఆక్స్‌ఫో-బ్లూ పని చేస్తుందని కంపెనీ చెప్తుంది, అయినా ఎసిటోన్‌తో తుడవడం మానలేదు, ఏ కోల్డ్ బ్లూ అయినా మచ్చలు మచ్చలుగా రావడానికి మొదటి కారణం జిడ్డే. హెయిర్ డ్రయ్యర్‌తో లోహాన్ని గోరువెచ్చగా చేశా, వెచ్చగా ఉంటే రంగు ఇంకా నల్లగా పడుతుంది.

మందుని చిన్న మూతలోకి వంపుకుని అందులోనే దూది పుల్ల ముంచండి, వాడిన పుల్ల మళ్ళీ సీసాలో పెడితే సీసా మొత్తం పాడవుతుంది. గీత మీద రాసి ఊరికే వదిలెయ్యకుండా అరనిమిషం పైన రుద్దుతూ ఉండాలి, ఆ తర్వాత తుడిచి, ఆయిల్ లేని స్టీల్ వూల్‌తో తేలిగ్గా పైపొడి తీసి, మళ్ళీ రాయాలి. మొదటి పూతకి బూడిద రంగే వస్తుంది, చూసి కంగారు పడొద్దు, పూత మీద పూత పడేకొద్దీ చిక్కబడుతుంది. నల్లబడ్డాక చన్నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, దండిగా ఆయిల్ పట్టించి రాత్రంతా వదిలెయ్యాలి. ఈ చివరి మెట్టు దాటేసేవాళ్ళే తెల్లారి లేచి తుప్పు వచ్చిందని గోల పెడతారు. నాకు వేరే చవకరకం మందుతో, పేరు వద్దులే, కడిగి ఆయిల్ పెట్టినా కూడా ఎర్రటి దుమ్ము తేలింది, ఆక్స్‌ఫో-బ్లూతో ఇంతవరకు అలా జరగలేదు, నాకు ఇది నచ్చడానికి పెద్ద కారణం అదే.

రిజల్ట్: మజిల్ అంచులు, సిలిండర్ అంచు అద్భుతంగా వచ్చాయి, ఇదివరకు ఎక్కడ తెల్లగా ఉండేదో తెలిసినవాళ్ళకి తప్ప కనపడదు. సైడ్ ప్లేట్ గీత చేయి చాచినంత దూరం నుంచి మాయమైంది, దగ్గరగా పెట్టి దీపం కింద వంచి చూస్తే గాడి తెలుస్తుంది, వేలికీ తగులుతుంది. గాడి పోవాలంటే ఆకురాయో ఎమెరీ పేపరో పట్టుకుని చుట్టూ లోహం అరగదియ్యాలి, అప్పుడు అంచుల పదును, కంపెనీ ముద్ర కూడా అరిగిపోతాయి, ఆ పని గన్‌స్మిత్‌ది, అంటే తుపాకులు బాగుచేసేవాడిది. సీరియల్ నంబర్ దగ్గర మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రుద్దొద్దు, నంబర్ చెరపడం చాలా దేశాల్లో నేరం.

తగ్గించిన స్టార్ రెండు విషయాలకి. ఒకటి రంగు. ఫ్యాక్టరీ హాట్ బ్లూయింగ్ అంటే కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన నీటిని దాదాపు 135 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ దాకా మరిగించి అందులో ముంచితే ఉక్కే మాగ్నటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారడం. కోల్డ్ బ్లూ అలా కాదు, సెలీనియం, రాగి కలిసిన పల్చటి పొర ఉక్కు మీద కూర్చుంటుంది అంతే, అందుకే పక్కపక్కన పెడితే దీని నలుపు కాస్త బూడిదగా ఉంటుంది, చిన్న చోట తెలియదు గానీ అరచేతి వెడల్పు చోట రాస్తే మబ్బు పట్టినట్టు కనపడుతుంది. రెండోది మన్నిక. రోజూ హోల్‌స్టర్‌లోంచి తీసి పెట్టే గన్ అయితే ఆ అంచులే మళ్ళీ ముందు తెల్లబడతాయి. సిలిండర్‌ని సరైన చోట ఆపే స్టాప్ అనే చిన్న ముక్క దాని చుట్టూ గీసే గీత ఉంటుంది కదా, దాని మీద రాయడం దండగ, నాలుగుసార్లు సిలిండర్ తిప్పగానే తిరిగొస్తుంది.

నలుపు ఇంకా చిక్కగా కావాలి, స్టీల్‌లో నికెల్ క్రోమ్ పాళ్ళు ఎక్కువ అనుకుంటే బర్చ్‌వుడ్ కేసీ సూపర్ బ్లూ అలాంటి గట్టి ఉక్కు కోసమే తయారుచేసింది. సూదిమొనంత చుక్కలకి వాళ్ళదే ప్రెస్టో గన్ బ్లూ పెన్ సుఖం, కారదు. మోడల్ 10 లాంటి మామూలు కార్బన్ స్టీల్‌కి నా ఓటు మాత్రం ఆక్స్‌ఫో-బ్లూకే.

జాగ్రత్త విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కోల్డ్ బ్లూలో ఉండే సెలీనియం సమ్మేళనాలు విషం, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, కిటికీలు తెరిచిన గదిలో చెయ్యండి, వంటగదిలో వద్దు, పిల్లలకి అందనిచోట తాళం వేసి పెట్టండి. బోర్‌లోకీ ఛాంబర్లలోకీ (సిలిండర్‌లో తూటాలు కూర్చునే రంధ్రాల్లోకి) పోనివ్వొద్దు.

ఇంకొకటి, ప్రతి గీతా మూయాల్సిందేనని లేదు. ప్రపంచ యుద్ధాలకి ముందు నాటి గన్, లేకపోతే కోల్ట్ కంపెనీ రాయల్ బ్లూ ఫినిష్‌తో ఉన్న పాత పైథాన్ రివాల్వర్ లాంటిది చేతికొస్తే ఈ సీసా దగ్గరికే తేకండి, కలెక్టర్లు ఒరిజినల్ ఫినిష్ అరిగి ఉన్నా దానికే విలువ కడతారు, టచప్ వాసన పట్టేశారంటే ధర పడిపోతుంది. అలాంటివాటికి మురికి తీసి రెనైసాన్స్ వాక్స్ పల్చగా రాస్తే చాలు, 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌లో మ్యూజియం వస్తువుల కోసం తయారైన మైనం అది. టచప్ చేసిన గన్ అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి ఎక్కడెక్కడ రాశారో నోటితో చెప్పండి. మందు రాసిన చోటికి అప్పుడప్పుడూ ఆయిల్ గుడ్డ తగిలిస్తూ ఉండండి, తోలు హోల్‌స్టర్‌లో పెట్టి మాత్రం దాచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది, టచప్ చేసిన చోటే ముందు తుప్పు పడుతుంది.