మేకపిల్లలకు పాలు మాన్పియ్యనీకి కొన్న వెల్డ్ మెష్ జాలి ఎట్లుందంటే

వరంగల్‌ల ఓ హార్డ్‌వేర్ షాపుల తీస్కున్నం, 2 ఇంచుల గడి, 4 ఫీట్ల ఎత్తు. కొట్టం నడుమ అడ్డం కట్టి అటు తల్లులు ఇటు పిల్లలు. పిల్లలకు 3 నెలలు దాటినయి, మక్కనూక, సుబాబుల్ ఆకు మంచిగనే తింటున్నయి. దూరం తీస్కపోయి కట్టేస్తె ఒర్రి ఒర్రి మేత ముట్టవు, గదే జాలి అవతల తల్లి కనవడ్తె వాసన తాకితె బెంగ తక్కువుంటది, రెండు మూడు రోజులు మస్తు లొల్లి, ఆ తర్వాత అవే సల్లవడ్తయి.

గడి మాత్రం చిన్నదే తీస్కోండ్రి, పెద్దగుంటె కొమ్ముల మేక తల దూర్చి ఇరుక్కుంటది, పిల్ల మూతివెట్టి పాలు గుంజుతది, ఇగ మాన్పిచ్చి ఏం లాభం.

నచ్చనిది తీగ. సన్నగుంది, తల్లులు ముందరి కాళ్లేసి నిలవడ్తె కిందికి వంగుతున్నది, గుంజలు దగ్గర దగ్గర పాతాల్సొచ్చింది. కోసిన అంచులు పొదుగుకు గీరుకుంటయి, మడతవెట్టండ్రి. పొదుగు గట్టివడ్డదా వేడిగున్నదా రోజు చూడాలె, పాలు మాన్పినప్పుడే పొదుగువాపు వస్తది. పోతుపిల్లలకు వేరే దొడ్డి ఉండాలె, 4 నెలలకే ఆడవాటి మీద ఎక్కుడు మొదలువెడ్తయి. 5కు 3 స్టార్లు, లావు తీగది దొరికితె అదే కొనుండ్రి.