పెళ్లి డబ్బు: డిపాజిట్ తీయాలా, లోన్ పెట్టాలా, కార్డు వాడాలా, చేబదులు అడగాలా?

పెళ్లికి డబ్బు సర్దడం అనగానే అందరూ మొదట అడిగేది "వడ్డీ ఎంత?" అని. నన్నడిగితే దానికంటే ముందు "ఏ రోజుకి చేతికొస్తుంది?" అని అడగాలి. ఇంటి మరమ్మతు కోసం తీసుకునే అప్పు పది రోజులు ఆలస్యమైతే పని పది రోజులు వెనక్కి పోతుంది, అంతే. పెళ్లి తేదీ అలా జరగదు. హాలువాళ్లకి, వంటవాళ్లకి, ఫొటోలవాళ్లకి ఎవరి గడువు వాళ్లకుంటుంది. ఒక్క గడువు దాటితే ఇచ్చిన అడ్వాన్సుకే ఎసరు. అందుకని ఈ దారుల్ని రెండు రకాలుగా చూస్తున్నాను: మొత్తం మీద మనకి ఎంత పడుతుంది, కావాల్సిన రోజుకి అందుతుందా.

సొంత డిపాజిట్

చేతిలో డిపాజిట్ ఉన్నవాళ్లకి అప్పు మాటే అనవసరం అనిపిస్తుంది. కానీ ఇక్కడ కూడా రెండు దారులున్నాయి. డిపాజిట్‌ని మధ్యలో బ్రేక్ చేయొచ్చు, లేదా దాన్నే హామీగా పెట్టి అదే బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. ఏది మేలన్నది ఆ డిపాజిట్ వేసి ఎంతకాలమైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకి మాత్రమే. రెండేళ్ల డిపాజిట్, మొత్తం 5,00,000, వడ్డీ 7 శాతం. ఏడాదిన్నర గడిచాక పెళ్లికి 2,00,000 కావాల్సొచ్చింది. బ్రేక్ చేస్తే చాలా బ్యాంకులు ఆ 7 శాతం ఇవ్వవు. డబ్బు ఉంచిన కాలానికి ఏ రేటు వర్తిస్తుందో చూసి, అందులోంచి జరిమానా కింద ఇంకాస్త కోస్తాయి. చివరికి 5.5 శాతం మిగిలిందనుకుందాం. సాధారణ వడ్డీ లెక్కన 52,500 రావాల్సిన చోట 41,250 వస్తుంది. 11,250 పోయినట్టే. మనకి కావాల్సింది రెండు లక్షలే అయినా కోత పడేది మొత్తం ఐదు లక్షల వడ్డీ మీద. కొన్ని బ్యాంకులు కావాల్సినంత మేరకే తీసుకోనిస్తాయి, కాబట్టి కౌంటర్‌లో మొదట అది అడగాలి.

అదే డిపాజిట్ మీద 9 శాతానికి రెండు లక్షల అప్పు తీసుకుంటే ఆరు నెలల వడ్డీ 9,000. ఈ అంకె చూసి జంకక్కర్లేదు. ఆ ఆరు నెలలూ మన రెండు లక్షలు డిపాజిట్‌లోనే ఉండి 7,000 సంపాదిస్తాయి. నికరంగా పోయేది 2,000. గడువు తీరాక డిపాజిట్ డబ్బుతోనే అప్పు తీర్చేయొచ్చు.

ఇప్పుడు అదే డిపాజిట్ ఐదేళ్లదనీ, వేసి మూడు నెలలే అయిందనీ అనుకోండి. లెక్క తిరగబడుతుంది. బ్రేక్ చేసినప్పుడు వచ్చిన వడ్డీ అంతా వదులుకున్నా పోయేది 8,750. అప్పు తీసుకుని గడువు దాకా తీర్చకుండా లాగితే, 2 శాతం తేడా ఏడాదికి 4,000 చొప్పున 19,000 దాకా తేలుతుంది. నేనైతే గడువు దగ్గరపడ్డ డిపాజిట్ మీద అప్పు తీసుకుంటాను, మొన్న మొన్న వేసినదాన్ని బ్రేక్ చేస్తాను. మన ఇళ్లలో సాధారణంగా దీనికి ఉల్టాగా జరుగుతుంది. పాత డిపాజిట్‌లో ఎక్కువ డబ్బు కనిపిస్తుంది కదా, చెయ్యి ముందు దాని మీదికే పోతుంది.

ఇక తేదీ సంగతి. సొంత డబ్బే కదా, అడగ్గానే ఇస్తారు అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో చాలా బ్యాంకులు టర్మ్ డిపాజిట్ తీయాలంటే 31 రోజుల ముందు చెప్పమంటాయి. బ్రిటన్‌లో చాలా ఫిక్స్‌డ్ ఖాతాల్లో గడువు దాకా డబ్బు ముట్టుకోనివ్వరు. జాయింట్ డిపాజిట్ అయితే, ఇద్దరూ సంతకం పెట్టాలనే షరతు ఉందో లేదో చూసుకోవాలి. ఆ రెండో మనిషి వేరే దేశంలో ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

పర్సనల్ లోన్

"మీకు లోన్ మంజూరైంది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. జీతం కాగితాలు, ఖాతా స్టేట్‌మెంట్లు అడుగుతారు. ఒక గుర్తింపు కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో చివర ఉంటే అక్కడ ఆగిపోతుంది. చిరునామా పాతదైతే మళ్లీ మొదటికి. లోన్ రాలేదని కంగారుపడి ఒకేసారి నాలుగైదు చోట్ల అప్లై చేస్తే, ఆ విచారణలన్నీ క్రెడిట్ రికార్డులో చేరి స్కోరు తగ్గే అవకాశం ఉంది. లోనే దారి అనుకుంటే హాలు బుక్ చేసిన వారంలోనే మొదలుపెట్టాలి. పత్రికలు పంచే రోజుల్లో మొదలుపెట్టేది కాదు.

వడ్డీ దగ్గర ఎక్కువమంది బోల్తాపడేది ఫ్లాట్ రేటుతో. 1,20,000 అప్పు, ఏడాది గడువు, 10 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. వడ్డీ 12,000, నెలకి 11,000 కిస్తీ. వినడానికి బాగుంది. కానీ ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూనే ఉన్నాం, ఆరు నెలలకి బాకీ దాదాపు సగానికి వస్తుంది. ఫ్లాట్ లెక్కలో మాత్రం చివరి నెల దాకా మొత్తం 1,20,000 మీదే వడ్డీ కడుతున్నాం. తగ్గే బాకీ మీద లెక్కగడితే ఈ 10 శాతం 18 శాతంతో సమానం. పైగా ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ముందే పట్టుకుంటే చేతికొచ్చేది 1,17,600, అసలు రేటు దాదాపు 22. పక్క సంస్థ తగ్గే బాకీ మీద 15 శాతం అని చెబితే "అమ్మో, ఎక్కువ" అని లేచొచ్చేవాళ్లున్నారు. నిజానికి చౌక అదే.

అందుకే అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతం రేటు ఎంతో రాతపూర్వకంగా అడగాలి. దాన్ని చూపించమని అమెరికాలో 1968లోనే చట్టం వచ్చింది. భారత్‌లో 2024 అక్టోబరు 1 తర్వాతి కొత్త రిటైల్ లోన్లకి రిజర్వ్ బ్యాంక్ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ముఖ్య వివరాలు ఒకచోట చూపే కాగితం) తప్పనిసరి చేసింది, అందులో ఈ రేటు ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి నిబంధన ప్రకారం వినియోగదారుల అప్పు ఒప్పందం చేసుకున్నాక 14 రోజుల్లోపు వెనక్కి తగ్గొచ్చు, అప్పటిదాకా అయిన వడ్డీతో డబ్బు తిరిగిచ్చేసి. ఇంకో ప్రశ్న కూడా మర్చిపోవద్దు: ముందే తీర్చేస్తే ఎంత వసూలు చేస్తారు? పెళ్లయ్యాక త్వరగా వదిలించుకుందాం అనే ఆలోచనతో తీసుకునే లోన్‌కి ఈ సమాధానమే ముఖ్యం.

నగ తాకట్టు సాధారణంగా పర్సనల్ లోన్ కంటే చౌక, డబ్బు కూడా తొందరగా వస్తుంది. పెళ్లిలో పెట్టుకోవాల్సిన నగ అయితే ఆ మాట అక్కడితో సరి.

కార్డు

క్రెడిట్ కార్డుని పెళ్లి ఖర్చంతటికీ వాడితే కొంప మునుగుతుంది. నెలకి 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది, చక్రవడ్డీతో అది ఏడాదికి 42.6 శాతం. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే చాలా కార్డుల్లో అదే రోజు నుంచి వడ్డీ, పైన ఫీజు.

అయినా ఒక్క చోట మిగతా అన్నిటికంటే కార్డే మేలంటాను: అడ్వాన్సులు. ఎనిమిది నెలల తర్వాత జరగబోయే పనికి ఇవాళ డబ్బు కడుతున్నాం. ఈలోగా ఆ హాలు మూతపడితే, ఫొటోగ్రాఫర్ ఫోన్ ఎత్తకపోతే, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బు వెనక్కి రాబట్టడం గగనం. కార్డు మీద కట్టి ఉంటే, గడువులోపు అయితే, కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ఇంకా గట్టిది. 100 పౌండ్లకి పైబడి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్నవాటికి, అమ్మినవాళ్లతో పాటు క్రెడిట్ కార్డు సంస్థకీ బాధ్యత ఉంటుంది. కాబట్టి అడ్వాన్సు కార్డు మీద కట్టి, బిల్లు రాగానే పూర్తిగా తీర్చేయాలి. కార్డుకి అదనపు చార్జీ వేస్తామంటే, ఆ చార్జీ ఎంతో చూసుకుని బేరమాడాలి.

చేబదులు

వడ్డీ సున్నా. కాగితాలు లేవు. ఒక్కోసారి సాయంత్రం అడిగితే పొద్దున్నకల్లా డబ్బు. లెక్క ప్రకారం దీన్ని మించింది లేదు. కానీ డబ్బిచ్చిన బాబాయికి అతిథుల జాబితా మీద, హాలు మీద, చివరికి భోజనాల వరసల మీద కూడా అభిప్రాయాలు మొదలవుతాయి. కాదనలేం. ఇంకో ఇబ్బంది, "పెళ్లయ్యాక చూద్దాంలే" అన్న మాట. ఇచ్చినవాళ్లకి అది రెండు నెలలు, తీసుకున్నవాళ్లకి రెండేళ్లు. ఎంత, ఏ తేదీకి, ఒకేసారా విడతలుగానా అని మెసేజ్‌లోనైనా రాసిపెడితే ఇద్దరికీ మంచిది. బ్యాంకు ద్వారానే తీసుకుంటే ఇంకా మంచిది. పెద్దమొత్తం నగదు తీసుకుంటే చాలా దేశాల్లో పన్నువాళ్ల ప్రశ్నలకి సమాధానం చెప్పుకోవాలి.

మొత్తం చూస్తే, నా వరస ఇలా ఉంటుంది: అడ్వాన్సులకి కార్డు, పెద్ద ఖర్చుకి సొంత డబ్బు లేదా డిపాజిట్ మీద అప్పు, ఇంకా తగ్గినదానికే రాసుకున్న చేబదులు. పర్సనల్ లోన్ వీటన్నిటి తర్వాత. పెళ్లిలో వచ్చే కానుకలు ఈ లెక్కలో ఎక్కడా ఉండకూడదు.

డబ్బుంది, పంపడమే కుదరట్లేదు

ఇది ఎవరూ ముందు ఊహించని చికాకు. బ్యాంకుల మోసాల నిఘా మన మామూలు అలవాటుతో పోల్చి చూస్తుంది. నెలకి నాలుగు చిన్న బిల్లులు కట్టే మనిషి ఒక్కసారిగా కొత్త ఖాతాకి భారీ మొత్తం పంపితే, దానికి అది దొంగతనంలాగే కనిపిస్తుంది. మా తమ్ముడి పెళ్లికి డెకరేషన్‌వాళ్లకి పంపిన డబ్బు ఇలాగే నిలిచిపోయింది. బ్యాంకుకి ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు ముఖ్యం" అని పాట. ఎదురుగా పూలవాడు లారీ దించనంటున్నాడు.

కొత్త ఖాతాని జతచేశాక మొదట్లో తక్కువ మొత్తమే పంపనిచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి. అందుకని ఎవరెవరికి చివర్లో కట్టాలో వాళ్లందరినీ రెండు వారాల ముందే చేర్చి, ఒక చిన్న మొత్తం పంపి, అందిందో లేదో అడిగి ఉంచుకోవాలి. రోజువారీ పరిమితి ఎంతో చూసి, అవసరమైతే పెంచమని ముందే చెప్పాలి. నగదు పెద్దమొత్తం కావాలంటే బ్రాంచికి ముందే కబురు చేయాలి, అడిగిన రోజు అంత ఉండకపోవచ్చు.

పెళ్లికొడుకు ఖాతాలోంచి కట్టాల్సినవి ఉంటే ముందురోజుకే పూర్తిచేయండి. ఓటీపీ వచ్చే ఫోను అతని దగ్గర ఉండదు, ఎవరి దగ్గరుందో ఆ సమయానికి ఎవరికీ తెలీదు.