నూన్ సైటా, చుక్కల సైటా: ఏది మేలు?

సెకండ్ మేట్ (ఓడ నడిపే ఆఫీసరు) పరీక్షకు చదువుతున్న మన వైజాగ్ కుర్రాళ్ల దగ్గర్నుంచి ఈమధ్య ఒకటే ప్రశ్న: "సార్, సెక్స్టెంట్ (సూర్యుడూ చుక్కలూ ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాయో కొలిచే పరికరం) మీద గట్టిగా చెయ్యి తిరగాలంటే సూర్యుడితోనా, చుక్కలతోనా?" ఎర్ర సముద్రంలోనూ హార్ముజ్ దగ్గరా జీపీఎస్ తప్పుడు పొజిషన్ చూపించడం మామూలైపోయాక, ఇది ఓరల్స్ (నోటి పరీక్ష) కోసం అడుగుతున్న ప్రశ్న కాదని తెలుస్తూనే ఉంది.

సూర్యుడి పక్షాన చెప్పుకోవాల్సింది చాలానే ఉంది. హొరైజన్ (సముద్రం, ఆకాశం కలిసే గీత) స్పష్టంగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మెరిడియన్ (మన నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దాటే వేళ ఎత్తు పట్టుకుంటే (అదే నూన్ సైట్), అక్షాంశానికి కూడికలూ తీసివేతలూ చాలు. వర్షాకాలంలో పొద్దంతా కాచుకుని, మబ్బు చీలినప్పుడు ఒక సైట్ (సెక్స్టెంట్ కొలత) లాగెయ్యొచ్చు. చుక్కలకు ఆ వెసులుబాటు లేదు. మన సముద్రాల్లో సివిల్ ట్విలైట్ (పొద్దుగూకాక ఉండే తొలి సందెవెలుగు) అయ్యాక హొరైజన్ కరిగిపోయేలోపు దొరికేది ఇరవై, పాతిక నిమిషాలు. ఆ కాసేపట్లో మబ్బేస్తే ఆ పూటకు అంతే.

అయినా నేను చుక్కల వైపే.

సూర్యుడు ఒకసారికి ఒక్క పొజిషన్ లైనే (ఓడ దీని మీదే ఎక్కడో ఉందని చెప్పే గీత) ఇస్తాడు. పొద్దున తొమ్మిదింటి లైన్‌ను నూన్ దాకా మోసుకొచ్చి, అప్పటి అక్షాంశంతో కలిపితేనే ఫిక్స్ (ఓడ ఉన్న చోటు). ఆ మూడు గంటల్లో ఓడ ఎటు, ఎంత జరిగిందో లాగ్ (వేగం కొలిచేది), జైరో (దిక్సూచి) చెప్పిందే నమ్మాలి. లాగ్ నీళ్లలో వేగం చెబుతుంది గానీ, ఆ నీళ్లే ఎటు పోతున్నాయో చెప్పదు. రెండు నాట్ల (గంటకు రెండు నాటికల్ మైళ్ల) కరెంటు, అంటే సముద్ర ప్రవాహం ఉంటే ఆరు మైళ్ల తప్పు చప్పుడు లేకుండా ఫిక్స్‌లోకి వచ్చి కూర్చుంటుంది. కరెంటు లెక్క మనకిచ్చేది జీపీఎస్సే కదా, మరి అది పోయిన రోజు? చుక్కలు నాలుగూ పది నిమిషాల్లో అయిపోతాయి. లైన్‌ను మోసుకురావలసింది రెండు మూడు మైళ్లే.

నా దృష్టిలో అసలు సంగతి ఇది కూడా కాదు, దిక్కులు. వేడికి ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్‌లో హొరైజన్ ఉండాల్సిన చోట ఉండదు. టేబుల్లో డిప్ (మన కంటి ఎత్తును బట్టి హొరైజన్ ఎంత కిందికి కనిపించాలో చెప్పే లెక్క) ఒకటి, కంటి ముందున్నది ఇంకొకటి. ఎత్తులో ఒక్క మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా వస్తే లైన్ ఒక నాటికల్ మైలు జరిగినట్టే. సూర్యుణ్ణి ఒకే వైపు చూస్తాం, కాబట్టి ఆ తప్పు దాక్కునే ఉంటుంది. నాలుగు చుక్కల్ని నాలుగు వైపులా పట్టుకుంటే లైన్లన్నీ సమానంగా లోపలికో బయటికో జరిగి, చార్టు మీద చిన్న పెట్టె మిగులుతుంది. ఓడ దాని నడిమధ్యన. అలా కాక మూడు చుక్కలే పట్టి, ఆ మూడూ ఆకాశంలో ఒకే సగంలో ఉంటే, అదే తప్పుకు ఓడ కాక్డ్ హ్యాట్ (మూడు లైన్ల మధ్య మిగిలే త్రికోణం) బయట పడుతుంది. ఆ త్రికోణం ఎంత చక్కగా కనిపించినా నమ్మొద్దు.

నూన్ సైట్ సులువన్న మాట కూడా అన్ని రోజులూ చెల్లదు. మే మొదట్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో 15 డిగ్రీల ఉత్తరాన సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఎత్తు 89 దాటాక సెక్స్టెంట్ ఊపుతుంటే సూర్యుడు హొరైజన్‌ను ఎక్కడ తాకుతున్నాడో తేల్చుకోవడమే కష్టం. బేరింగ్ (సూర్యుడు కనిపించే దిక్కు) నిమిషాల్లో తూర్పు నుంచి పడమరకు తిరిగిపోతుంది.

ధ్రువ నక్షత్రం ఓడ భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్నప్పుడు అక్షాంశానికి పనికొస్తుంది, భూమధ్యరేఖ దగ్గర మసకలో కలిసిపోతుంది. చంద్రుడు, శుక్రుడు దొరికితే సరే.

"చుక్కలు గుర్తుపట్టడం రాదు సార్" అంటారు. పట్టనక్కర్లేదు. ఎత్తు, బేరింగ్ ముందే లెక్కగట్టి, సెక్స్టెంట్‌కు ఆ ఎత్తు పెట్టి అటు తిప్పండి. మామూలు కంటికింకా కనపడని చుక్క అద్దంలో హొరైజన్ పక్కనే తేలుతుంది. సాయంత్రం తూర్పువి ముందు, చీకటి అక్కడే ముందు పడుతుంది. తెల్లవారుజామునా తూర్పువే ముందు, ఆరిపోయేవీ ముందు అక్కడివే. పాలపుంత కనిపించే వేళకు హొరైజన్ ఉండదు, ఆ ఆకాశం చూసి ఆనందించడానికే.

మే మొదటివారం సాయంత్రం బంగాళాఖాతంలో 15 డిగ్రీల దగ్గరుంటే, తూర్పున స్వాతి, ఆగ్నేయాన చిత్త, నైరుతిన సిరియస్, వాయవ్యాన కాపెల్లా పట్టుకోండి. మఘ ఎంత ఊరించినా వదిలెయ్యండి, దాదాపు నడినెత్తినే ఉంటుంది.