పన్ను బరువు ఎవరికి తగ్గించడం మేలు? కంపెనీకా, జీతగాడికా, కొట్టులో కొనేవాడికా?

2019 నుంచి 2025 దాకా కేంద్రం మూడు పెద్ద పన్ను తగ్గింపులు ఇచ్చింది. మొదటిది 2019 సెప్టెంబరులో కంపెనీలకు. దానివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రకటించిన రోజే చెప్పారు. రెండోది 2025 బడ్జెట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, ఇంచుమించు లక్ష కోట్లు. మూడోది అదే ఏడాది సెప్టెంబరులో జీఎస్టీ తగ్గింపు, దానికి వేసిన అంచనా 48 వేల కోట్లు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సబ్బు, బిస్కెట్ కొనే ప్రతి ఇంటికీ చేరింది ఈ మూడోదే. దానికే అన్నిటికన్నా తక్కువ డబ్బు కేటాయించారు.

శ్రీకాకుళంలో చిన్న వ్యాపారులకీ ఉద్యోగులకీ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. "మా జీతాల్లో కోసుకుంటారు, కంపెనీలను మాత్రం వదిలేస్తారు" అనే మాట వినని జూలై నెల లేదు. ఆ మాటలో నిజం ఉంది. అయితే చెప్పేవాళ్లు అనుకునే చోట కాదు. అందుకే మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు కంపెనీల సంగతి. మినహాయింపులు వదులుకున్న కంపెనీకి 2019లో పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి దిగింది. పన్ను మీద అదనంగా వేసే సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం. కొత్తగా పెట్టి 2024 మార్చి లోపల ఉత్పత్తి మొదలుపెట్టిన ఫ్యాక్టరీకైతే 15 శాతమే, అన్నీ కలిపి 17.16. పదేళ్ల వెనక్కి వెళ్తే, 2014-15లో కంపెనీల పన్ను నాలుగు లక్షల కోట్లు దాటింది, వ్యక్తుల ఆదాయపు పన్ను మూడు లక్షల కోట్లకు కూడా చేరలేదు. 2025-26 బడ్జెట్ అంచనాలో లెక్క తిరగబడింది. వ్యక్తుల దగ్గర్నుంచి 14.38 లక్షల కోట్లు, కంపెనీల దగ్గర్నుంచి 10.82 లక్షల కోట్లు. ఆ బడ్జెట్ ప్రకారం ప్రభుత్వానికి వచ్చే ప్రతి రూపాయిలో 22 పైసలు ఆదాయపు పన్నుది, 17 పైసలు కంపెనీలది.

ఈ అంకెలను చూసి కంపెనీలు పూర్తిగా ఎగ్గొట్టేశాయనడం తొందరపాటు. వ్యక్తుల పన్ను అని రాసే ఖాతాలో భాగస్వామ్య సంస్థల పన్ను కూడా కలుస్తుంది. రిటర్నులు వేసేవాళ్లూ బాగా పెరిగారు. పైగా 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను వాటాదారుడే కడుతున్నాడు. అంటే కంపెనీ లాభం మీద ఒకసారి, పంచిన సొమ్ము మీద మరోసారి పన్ను పడుతోంది. అమెరికా 2018 నుంచి తన రేటును 35 నుంచి 21కి దించింది, మనం ఎక్కువలో ఉంటే పెట్టుబడి బయటికి పోతుందనే వాదన కూడా ఉంది. అది కొట్టిపారేయదగ్గ వాదనేం కాదు.

కానీ తగ్గింపు ఇచ్చేటప్పుడు చెప్పిన కారణం పెట్టుబడులు, ఉద్యోగాలు. 2020 నుంచి 2023 మధ్య కంపెనీల లాభాలు దాదాపు నాలుగు రెట్లయ్యాయనీ, కొత్త ఉద్యోగాలూ జీతాలూ ఆ పెరుగుదలను అందుకోలేదనీ కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే 2023-24లో రాసింది. ప్రజలు వదులుకున్న సొమ్ముకు బదులుగా రావలసింది రాలేదని ప్రభుత్వ పత్రమే చెప్పాక, ఆ రేటును మళ్లీ చూడమని అడగడం న్యాయమే. పైడిభీమవరంలో ఉన్న మందుల ఫ్యాక్టరీ పన్ను రేటు 22 నుంచి 25కి పెరిగిందని లేచి వెళ్లిపోదు. దాని యంత్రాలు, అనుమతులు, పని నేర్చిన మనుషులు అన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఇప్పుడు జీతగాడు. విజయనగరంలో ఏడాదికి 15 లక్షలు తెచ్చుకునే బ్యాంకు మేనేజరుని తీసుకుందాం. కొత్త విధానంలో, అంటే చాలా మినహాయింపులు వదులుకుని తక్కువ రేట్లకు కట్టే పద్ధతిలో, జీతగాళ్లందరికీ తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా, సెస్సుతో కలిపి ఆయన పన్ను 97,500. జీతంలో ఆరున్నర శాతం. 12.75 లక్షల దాకా జీతం ఉన్నవాళ్లకు అసలు పన్నే లేదు. 50 లక్షల జీతానికి లెక్క వేసినా దాదాపు 11 లక్షలు, అంటే 22 శాతం. వాట్సాప్‌లో తిరిగే "ఉద్యోగికి 30, కంపెనీకి 22" అనే పోలిక ఇందుకే తప్పు. 30 అనేది 24 లక్షలు దాటిన భాగం మీదే పడుతుంది, కంపెనీ రేటు మొదటి రూపాయి నుంచీ పడుతుంది.

జీతగాడి బాధ రేటులో కంటే లెక్క కట్టే పద్ధతిలో ఉంది. కంపెనీ అద్దె, కరెంటు, జీతాలు, వడ్డీ, కారు ఖర్చు అన్నీ తీసేశాక మిగిలినదాని మీద పన్ను కడుతుంది. ఈ ఏడాది నష్టం వస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి లాభంలో తగ్గించుకోవచ్చు. జీతగాడికి ఆ వీలు లేదు. ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో బాధపడే ఊళ్లున్నాయి. పాత విధానంలో కిడ్నీ చికిత్స ఖర్చుకు 40 వేలు, ముసలివాళ్లకైతే లక్ష దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానం ఎంచుకుంటే అది రాదు. యంత్రం అరుగుదలను ఖర్చుగా ఒప్పుకునే చట్టం డయాలసిస్‌కు తిరిగే మనిషి ఖర్చును ఒప్పుకోకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. జీతగాళ్లకు ఇంకేదైనా చెయ్యాలంటే శ్లాబులు కదపనక్కర్లేదు, ఈ ఒక్క మినహాయింపును కొత్త విధానంలోకి తెస్తే చాలు.

వృత్తి పన్ను గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో నెలకు 20 వేలు దాటితే 200 రూపాయలు. ఇరవై వేల ఐదు వందలు తెచ్చుకునే సేల్స్ కుర్రాడికీ అంతే, నెలకు రెండు లక్షలు తెచ్చుకునే అధికారికీ అంతే. ఎంత పెద్ద కంపెనీ అయినా ఏడాదికి 2,500 మించి వెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉంది. ఆ పరిమితి 1988 నాటిది.

కంపెనీకీ జీతగాడికీ మధ్య గొడవలో ఎవరికీ కనపడని మూడో మనిషి పలాసలో ఉన్నాడు. అక్కడి జీడి పరిశ్రమల్లో చాలావాటిని అన్నదమ్ములో, బావాబావమరుదులో, స్నేహితులో కలిసి పెట్టుకున్నారు. పిక్కల బస్తాలు కొని, ఉడికించి, కొట్టించి, పప్పు గ్రేడు చేసి అమ్ముతారు. భాగస్వామ్య సంస్థగా నడిపితే, భాగస్తుల జీతాలు చట్టం ఒప్పుకున్నంత మేరకు తీసేశాక మిగిలిన లాభం మీద పన్ను 30 శాతం, సెస్సుతో 31.2. మొదటి రూపాయి నుంచీ అంతే, 12 లక్షల రాయితీ సంస్థకు వర్తించదు. భాగస్తుల జీతాలు తీసేసే వీలున్నందువల్ల చిన్న సంస్థకు మొత్తం మీద పన్ను మరీ ఎక్కువేం కాదని ఒప్పుకోవాలి. కానీ వచ్చే ఏడాది కొత్త బాయిలర్ కొందామనో, పిక్కలు చౌకగా ఉన్నప్పుడు నాలుగు లోడ్లు ఎక్కువ కొని నిల్వ వేద్దామనో లాభాన్ని సంస్థలోనే ఉంచితే ఈ 31.2 శాతం పూర్తిగా తగులుతుంది. అదే పని వేల కోట్ల కంపెనీ చేస్తే 25.17. కంపెనీగా మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకుంటే అమ్మకాలు ఎంత తక్కువైనా ఏటా ఆడిట్, రిజిస్ట్రార్‌కు ఫారాలు, ఆలస్యమైతే రోజుకింత జరిమానా తప్పవు. పిక్కలు కొట్టే ఆడవాళ్లకు వారంవారం కూలి ఇచ్చి నడుపుకునే చోట అదంతా మోయడం కష్టం. వ్యక్తులకు తగ్గించారు, కంపెనీలకు తగ్గించారు, వీళ్ల రేటు మాత్రం 30 దగ్గరే ఆగిపోయింది.

ఇక కొట్టులో కొనేవాడు. బస్తాలు మోసే కళాసీ, ఆటో నడిపేవాడు రిటర్ను వెయ్యరు కాబట్టి పన్ను కట్టరని చాలామంది అనుకుంటారు. వాళ్లు కట్టేది బిల్లులోనే కలిసి ఉంటుంది. కంపెనీ ముడిసరుకు మీద కట్టిన జీఎస్టీని అమ్మకపు పన్నులో సర్దుకుంటుంది. చివర్లో కొనేవాడికి సర్దుకోవడానికి ఏమీ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. సిమెంటు 28 నుంచి 18కి దిగింది, సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు అది నిజంగా తేడా చూపించే తగ్గింపు.

పెట్రోలు మాత్రం జీఎస్టీలోకి రాలేదు. రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను (వ్యాట్) 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనం, రోడ్డు సెస్సు మరో రూపాయి, వీటన్నిటికంటే ముందు కేంద్రం ఎక్సైజు. ఇచ్ఛాపురం దగ్గర బళ్లున్నవాళ్లు సరిహద్దు దాటి ఒడిశా బంకులో కొట్టించుకుని రావడం అందుకే. టెక్కలిలో, పాలకొండలో ఉన్నవాళ్లకు ఆ దారీ లేదు. రోజుకు ఐదారు వందలు సంపాదించేవాడు లీటరు మీద కట్టే పన్నూ, మందుల ఫ్యాక్టరీ డైరెక్టరు కట్టే పన్నూ పైసా తేడా లేకుండా ఒకటే.

కాబట్టి నా ఎంపిక ఇది. తగ్గించడానికి డబ్బుంటే మొదట కొట్టులో కొనేవాడికి. రెండోది భాగస్వామ్య సంస్థలు: సంస్థలో ఉంచి మళ్లీ పెట్టుబడి పెట్టే లాభానికైనా 22 శాతం రేటు ఇవ్వాలి. జీతగాళ్ల శ్లాబులకు ఇప్పటికి ఆగవచ్చు, 2025లో వాళ్లకు వచ్చింది తక్కువేం కాదు. డబ్బు ఎక్కడిదంటే, పెద్ద కంపెనీల 22ను 25 చెయ్యడం. 10.82 లక్షల కోట్లలో సగమే అలాంటి కంపెనీలదనుకున్నా ఏడాదికి 70 వేల కోట్లు దాటుతుంది. జీఎస్టీ తగ్గింపుకు అయిన దానికన్నా అది ఎక్కువ. 25 చేసినా 2019కి ముందున్న 30 కన్నా తక్కువే.

ఢిల్లీ ఒప్పుకునేదాకా కూర్చోనక్కర్లేని పని కూడా ఒకటుంది. లీటరు మీద ఆ 4 రూపాయల అదనపు వ్యాట్ రాష్ట్రం వేసినది, రాష్ట్రమే తియ్యగలదు. శ్రీకాకుళం, విజయనగరం ఎమ్మెల్యేలు వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ముందుగా అడగాల్సింది అదే.